సుందరరామయ్య మాస్టారి మీసం పందెం

సుందరరామయ్య మాస్టారు పరీక్షలో వస్తుందని చెప్పిన ప్రశ్న పరీక్షలో రాదు. ఏలూరులో ఇది నమ్మకం కాదు, అనుభవం. వ్యాకరణరీత్యా 'వస్తుంది' అనే క్రియకు రెండర్థాలు: ఇకమీదట రావడం ఒకటి, అలవాటుగా వస్తూండడం మరొకటి. మాస్టారి నోట మాత్రం దానికి మూడో అర్థం కూడా ఉండేది. రాదని.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. పదో తరగతి పరీక్షలకు వారం ముందు, మడత నలగని చొక్కా తొడుక్కుని వచ్చి, కళ్ళు మూసుకుని, సుద్దముక్కను పైకి ఎగరేసి పట్టుకునేవారు. పట్టు తప్పితే బల్లకింద వెతికి తెచ్చి మళ్ళీ ఎగరేసేవారు. ఆ తరవాత ప్రపంచ చరిత్రలోంచి ఒకే ఒక్క ప్రశ్న ప్రకటించి, "ఇది రాకపోతే మీసం తీసేస్తాను" అనేవారు. పరీక్షనాడే, అన్నమాట ప్రకారం, తాతాజీ సెలూన్‌కు వెళ్ళి తీయించుకునేవారు. తెల్లగా, గుబురుగా, రెండు కొనలూ చెవులకేసి చూస్తూండే మీసం అది. ఏడాదంతా పెంచడం, వేసవి మొదట్లో కోతకివ్వడం. డెల్టాలో వరికి ఎంత నియమమో దానికీ అంతే నియమం.

"పెళ్ళిచూపుల్లో ఆ మీసం చూసే ఒప్పుకున్నానమ్మా" అని ఆయన భార్య ఆండాళ్ళుగారు ఇరుగుపొరుగుతో వాపోయేవారు. "సెలవులొచ్చాయంటే ఎవరో కొత్తాయనకి వడ్డిస్తున్నట్టుంటుంది."

ఈ కీర్తి బడి గోడలు దాటి కొల్లేరు దాకా పాకింది. మండవల్లి దగ్గర చేపల చెరువులున్న దేవరాజు, ఏలూరులో ఏ పనున్నా లేకున్నా, మాస్టారి గడప తొక్కేవాడు.

"వచ్చే వారం చేప రేటు ఎలా ఉంటుందంటారండీ?"

"పెరుగుతుందయ్యా, సందేహం లేదు."

"చాలండి, అదే పదివేలు" అని దండం పెట్టి వెళ్ళి, దేవరాజు ఆ సాయంత్రమే చెరువులో వలలు దింపించేసేవాడు.

విషయం దారి తప్పింది. మాస్టారి పాఠాలూ ఇలాగే తప్పేవి. ఇప్పుడు పిల్లలకు పాఠాలు తిన్నగా నడుస్తున్నాయట. నడవనీయండి. దారి తప్పే తీరిక ఉన్న బళ్ళలో చదువుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు పడగొట్టిన మరుసటి ఏడాది హఫ్సా పదో తరగతి. ఆమె తండ్రి మీరావలి తివాచీలు నేస్తాడు. హఫ్సాకు లెక్కలు మంచినీళ్ళప్రాయం. సోషల్ మాత్రం గొంతు దిగదు. ప్రీఫైనల్‌లో ఆ ఒక్క సబ్జెక్టే తప్పింది. మీరావలి మెత్తటి మనిషే గాని, మాట కచ్చితం.

"ఒక్కసారికే పాసయ్యావా, గూడెంలో గుల్షన్ అత్తయ్య దగ్గరుండి ఇంటర్ చదువుకుందువుగాని. తప్పావా, మగ్గం ఉండనే ఉంది" అన్నాడు.

హఫ్సాకు మగ్గం మీద కోపం లేదు. కాని తాడేపల్లిగూడెం కాలేజీలో మైక్రోస్కోపు ఉంటుందనీ, అందులో ఉల్లిపొర పెడితే గదులు గదులుగా కనిపిస్తుందనీ పక్కబెంచీ మృదుల చెప్పింది. పెద్ద ఉల్లి మార్కెట్టున్న గూడెంలో ఉల్లిపాయలకు కొదవేముంది! ఆ గదులు చూడాలని ఆ పిల్ల పట్టుదల. అడ్డం నిలబడ్డది ప్రపంచ చరిత్ర ఒక్కటే.

ఆ ఏడాది మొదటి ప్రపంచ యుద్ధాన్ని మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో ఆయనకే తెలియదు. చెప్పినప్పుడల్లా యుద్ధం ఐరోపాలో మొదలై, కొంత దూరం పోయి, కొల్లేరు గట్టెక్కేది.

"ఇద్దరు రైతులు, రెండు చెరువులు, మధ్యన ఒక గట్టు. ఈయన బాతును ఆయన కుక్క కరిచింది. బాతుగల ఆయనకు కలిదిండిలో బావమరిది. కుక్కగల ఆయనకు మండవల్లిలో వియ్యంకుడు. 'నీమీదికి ఎవరొచ్చినా నేనొస్తా'నని అందరూ అందరికీ లోపాయికారీగా మాటిచ్చి ఉన్నారు. కర్రలు కోసి, నూనె రాసి, ముందే చూరులో దాచి ఉంచారు. పక్కవాడి చెరువు మీద ఎవరికి వాళ్ళకు కన్నుంది. ఇక చూడండి! పొద్దువాలేసరికి ఊళ్ళకు ఊళ్ళే గట్టు మీద ఉన్నాయి."

"మరి బాతు ఏమైందండీ?" అని వెనకబెంచీ అడిగేది.

"బాతు సంగతి ఎవరికీ గుర్తులేదురా. యుద్ధమంటే అదే."

పిల్లలు పగలబడి నవ్వేవారు. మాస్టారికి పాఠం మధ్యలో కొల్లేరు గాలి తగులుతుందని ఒకరికొకరు సైగ చేసుకునేవారు.

పరీక్షలకు వారం ముందు సుద్దముక్క గాలిలోకి లేచింది.

"మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన కారణాలు" అన్నారు మాస్టారు. "రాకపోతే మీసం తీసేస్తాను."

"తాతాజీకి ఇప్పుడే కబురు పెట్టమంటారాండీ?" అంది మృదుల. క్లాసంతా గొల్లుమంది.

ఇంటి దగ్గర మీరావలి మగ్గం మీంచి తలెత్తి ఆత్రంగా అడిగాడు. "మాస్టారు ఏది వస్తుందన్నారమ్మా?"

"మొదటి ప్రపంచ యుద్ధం, నాన్నా."

"హమ్మయ్య! ఒక యుద్ధం తగ్గింది."

పొరపాటున చూపు పడినా కాలం వృథా అని, హఫ్సా ఆ పాఠం పేజీలన్నిటినీ తివాచీ ఉన్నితో కలిపి కుట్టేసింది. మిగిలిన పుస్తకాన్ని మాత్రం అట్టనుంచి అట్టదాకా నమిలి మింగింది. నానాజాతి సమితి ఎందుకు విఫలమైందో, తండ్రి నూలు చుడుతూంటే ఎదురుగా కూర్చుని అప్పజెప్పింది. ఐక్యరాజ్యసమితి అంగాలను అన్నం తింటూ వేళ్ళమీద లెక్కపెట్టింది. సోషల్ కూడా ఇంత మెత్తగా దిగుతుందా అని తానే ఆశ్చర్యపోయింది.

పరీక్షరోజు హఫ్సా ప్రశ్నపత్రం తిప్పి చూసింది. మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన కారణాలను వివరింపుము.

పక్కవరసలో మృదుల నోరు తెరుచుకుని ఉండిపోయింది. హాలంతా ఒక్కసారి ఉస్సురంది. ఇన్విజిలేటరు కంగారుపడి ఫ్యాను కట్టేశారేమోనని పైకి చూశాడు.

హఫ్సా కళ్ళముందు ఉన్నితో కుట్టిన పేజీలు తప్ప మరేమీ లేదు. ఇక మగ్గమే అనుకుంది. ఇంతలో, ఎక్కడినుంచో, ఒక బాతు అరిచింది. బయట కాదు, బుర్రలో. బాతు వెంట కుక్క వచ్చింది. కుక్క వెంట బావమరిది, వియ్యంకుడు. లోపాయికారీ మాటలంటే రహస్య ఒప్పందాలు. చూరులో కర్రలంటే సైనికవాదం. పక్కవాడి చెరువు మీద కన్నంటే సామ్రాజ్యవాదం. బాతు? సెరాజెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య! కలం ఆగలేదు. ఆవేశంలో ఒకచోట రష్యా అనవలసింది మండవల్లి అని రాసి, నాలిక కరుచుకుని కొట్టేసింది.

గేటు దాటగానే హఫ్సా పరుగు తీసింది. ఆడపిల్లలు సెలూన్ మెట్లెక్కరు కనుక గుమ్మం దగ్గరే ఆగి కేకేసింది.

"మాస్టారూ! ఆగండి! మీసం తీయించకండి! వచ్చిందండీ!"

కుర్చీలో మాస్టారు సబ్బునురుగు మీసంతో ఉలిక్కిపడ్డారు. "ఏది వచ్చింది?"

"మీరు చెప్పిందే!"

మాస్టారి ముఖం వాడిపోయింది. "ఎంతపని జరిగింది! నిరుడడిగిన ప్రశ్న ఈ ఏడు అడగరని, ఏరికోరి దాన్నే చెబుతాను. ఈసారి పేపరు ఇచ్చినాయనెవరో మహా మతిమరుపు మనిషి! ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న చెడ్డపేరమ్మా, ఒక్కపూటలో తుడిచిపెట్టుకుపోయింది."

హఫ్సాకు అర్థం కాలేదు. తాతాజీ కత్తి పక్కన పెట్టి నవ్వాడు. "ఆయన 'ఇది వస్తుంది' అంటే మీరేం చేస్తారమ్మా?"

"అది వదిలేసి మిగతాదంతా..." హఫ్సా ఆగిపోయింది.

"మిగతాదంతా చదువుతారు" అన్నారు మాస్టారు. "పుస్తకమంతా చదవండర్రా అంటే ఏ తరంలోనైనా విన్నవాళ్ళున్నారా? నా మొదటి జోస్యం నిజంగానే తప్పింది. మరుసటేడు పిల్లలు నేను చెప్పింది వదిలేసి మిగిలిందంతా చదివారు. ఇంతకన్నా మంచి పద్ధతి ట్రైనింగు కాలేజీలో కూడా చెప్పలేదమ్మా."

"మరి వదిలేసిందే వస్తేనోండీ?"

"అందుకేగా ఏడాదంతా బాతు కథ! సరే, నువ్వేం రాశావు?"

"అంతా రాశానండీ. బాతు తప్ప."

మాస్టారి కళ్ళు మెరిశాయి. ఆ తరవాత అద్దంలోకి తిరిగి, "కానివ్వు తాతాజీ" అన్నారు.

"పందెం గెలిచారు కదండీ!"

"చరిత్రకు ఆధారం ముఖ్యమమ్మా. ప్రశ్నపత్రం రేపు పొట్లాలకి పోతుంది. ఊరు చూసేది నా మూతినే."

ఆయనన్నట్టే అయింది. మర్నాడు నున్నటి పెదవితో సైకిలు మీద బజారంతా తిరిగారు. 'మాస్టారు చెప్పిందే వచ్చిందట' అన్న పుకారు ఆ పెదవిని చూసి సిగ్గుపడి పారిపోయింది. "గెలిచినవాడెవడైనా మీసం తీయించుకుంటాడా?" అని కొట్టిపారేశాడు మీరావలి కూడా. హఫ్సా ఔనంటూ తలూపింది.

హఫ్సా పాసైంది. సోషల్లో అన్నిటికన్నా ఎక్కువ వచ్చాయి. కాలేజీలు తెరిచాక గూడెం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సాగనంపడానికి పక్కింటి సుమయ్య వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. మాస్టారూ వచ్చారు. పై పెదవి మీద తెల్లటి నారుమడి ఇంకా పొట్టిగానే ఉంది.

సుమయ్య గొంతు తగ్గించింది. "అక్కా, మాస్టారు చెప్పిందే వచ్చిందని మృదులక్క ఒట్టేసి చెబుతోంది. నిజమేనా?"

"ఆ మీసం చూడు. ఈ మధ్యే తీయించిందా కాదా?"

సుమయ్య చూసింది. ముఖం విప్పారింది. ధైర్యం చేసి మాస్టారి దగ్గరికి వెళ్ళింది. "వచ్చే ఏడు ఏది వస్తుందండీ?"

"రష్యా విప్లవం. రాకపోతే మీసం తీసేస్తాను."

"హమ్మయ్య" అంది సుమయ్య. "ఒక విప్లవం తగ్గింది."

"తగ్గిందా? సరే, ఈ బెంచీ మీద కూర్చో. పెంటపాడులో ఒక పెద్ద గాదె ఉండేది. దాని చుట్టూ ఆకలితో వందమంది పాలేర్లు..."

బస్సు కదిలింది. సుమయ్య బెంచీ అంచుకు జరిగి, "తరవాతేమైందండీ?" అనడం హఫ్సాకు వినిపించింది. ఇక ఆ పిల్ల ఎంత ప్రయత్నించినా రష్యా విప్లవాన్ని మరచిపోలేదు.