మైక్రోవేవ్‌కు సరిపడే గిన్నె

మా ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. ఏ వేళకు ఇంటికొస్తారో ఆయనకే తెలియదు. వచ్చినప్పుడల్లా కూరా చారూ స్టవ్ మీద పెట్టడం, అవి అడుగంటడం, ఆ మాడు తోమలేక నేను చిరాకుపడటం. ఈ గొడవ వదిలించుకుందామనే మైక్రోవేవ్ కొన్నాం. గొడవ వదల్లేదు సరికదా, ఇంకో నాలుగు కొత్తవి వచ్చి చేరాయి.

మా ఇంట్లో అటక మీదా, గూట్లోనూ, ఆఖరికి మంచం కిందా ఉన్నవన్నీ స్టీలు గిన్నెలే. మా అత్తగారు పెళ్లయినప్పటి నుంచి పోగేసినవి. మైక్రోవేవ్ కొన్న మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ వరండాలో కూర్చుని చెమట తుడుచుకుంటోంది. పప్పు గిన్నెను తీసుకెళ్లి మైక్రోవేవ్‌లో పెట్టిందట. చిటపటమంటూ నిప్పురవ్వలు లేచేసరికి హడలిపోయి ప్లగ్గు పీకేసిందట.

"స్టీలు పెట్టకూడదత్తయ్యా. దీంట్లో మంట ఉండదు. కంటికి కనబడని తరంగాలు కూరలో ఉన్న నీళ్లను కుదిపేస్తాయి. ఆ కుదుపుకే వేడి పుడుతుంది. స్టీలు వాటిని లోపలికి పోనివ్వదు, వెనక్కి కొట్టేస్తుంది" అన్నాను.

"గిన్నె కాలకుండా కూరెట్టా కాగుద్ది? చోద్యం కాకపోతే!"

బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, ఇంట్లో ఒక్క మనిషికి నచ్చజెప్పలేకపోయాను.

ఆ వారం గుంటూరు వెళ్లినప్పుడు ఒక కొట్లో ప్లాస్టిక్ డబ్బాలు చూపించి, "మైక్రోవేవ్‌కి పనికొస్తాయా?" అని అడిగాను. "ఎందుకు పనికిరావు మేడమ్! కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు కొట్టతను. నిజంగానే కళ్లు మూసుకుని కొన్నాను. నూనె తేలే గోంగూర మాంసం అందులో వెచ్చబెడితే, నూనె కాగినంత మేరా డబ్బా పొక్కులు తేలి, అంచు వంకరపోయింది. కూరంతా పారబోశాను.

"ఆదివారం కూర పారబోస్తావా!" అన్నారు మా ఆయన.

"ప్లాస్టిక్ కలిసిన కూర తింటారా?" అని అరిచాను.

ఆ తర్వాత బంగారు గీతున్న టీ కప్పు పెడితే గీత పొడుగునా మెరుపులొచ్చాయి. అదీ లోహమేనని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇక విసుగొచ్చి, ఒక్కొక్క గిన్నెనూ పరీక్షకు పెట్టాను. ఖాళీ గిన్నె పక్కన గాజు గ్లాసుతో నీళ్లుంచి ఒక నిమిషం తిప్పాలి. నీళ్లు కాగి గిన్నె చల్లగా ఉంటే పనికొస్తుంది. పాత పింగాణీ పళ్లెం చెయ్యి కాలేంత వేడెక్కింది, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే ఉన్నాయి. చివరికి వేడికి తట్టుకునే మందపాటి గాజు గిన్నెలు, అడుగున మైక్రోవేవ్ గుర్తు చూసి మరీ కొన్నాను. వాటిలోనూ అంచులు పొగలు కక్కుతుంటే నడుమ అన్నం చల్లగానే ఉండేది. మధ్యలో ఆపి కలపాలని మా ఆయనకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

ఎలాగో కుదురుకున్నాం అనుకుంటుండగా ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మా వీధి వీధంతా దగ్గుతోంది. అత్తగారు కారప్పొడికి ఎండు మిరపకాయలు వేయిద్దామని గాజు గిన్నెలో వేసి మైక్రోవేవ్ తిప్పేసింది. తడి లేని కాయలు లోలోపలే మాడిపోయాయి. తలుపు తీయగానే ఆ ఘాటు ఇల్లు దాటి వీధిలోకి పోయింది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మా ఆయన కళ్లు నులుముకుంటూ పెరట్లోకి పరిగెత్తారు. పక్కింటావిడ గోడ మీంచి కేకలేస్తోంది.

"ఎవరు పెట్టమన్నారత్తయ్యా?" గొంతు మండిపోతుంటే అడిగాను.

"గాజుదాంట్లోనేగా పెట్టా! నువ్వు చెప్పినట్టేగా చేశా!" అంది ఆవిడ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

నిమ్మకాయ నీళ్లు మరిగించి ఎన్నిసార్లు తుడిచినా చాలా రోజులు అందులో కాచిన పాలు కూడా కారంగానే ఉన్నాయి.

ఇప్పుడావిడ నన్నడగకుండా దాని జోలికి పోదు. అదింకో తలనొప్పి. పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే వంటింట్లోంచి కేక వినబడుతుంది.

"అమ్మాయ్, ఇందులో కోడిగుడ్డు ఉడకబెట్టొచ్చా?"

"వద్దత్తయ్యా, పేలుద్ది."

"మరెందుకు కొన్నట్టు దీన్ని?"

నేను ఇంకో పేపరు తీసుకుంటాను.