నాలుగవ గ్రంథంలో లేని అరకు దారి

దూరయాత్రలను గూర్చి నేను రచించిన గ్రంథాలలో నాలుగవది ఈ చైత్రంలో అచ్చుకు వెళుతున్నది. అరవై రెండేళ్లవాడిని, బహుశా ఇదే కడపటిది. తాను నడిచిన దారిని వెనుక రాబోయేవారికి అప్పగించడం దానం వంటిదని నా భావన. కాబట్టి ఆ దానంలో ఏమి మినహాయించుకున్నానో కూడా చెప్పడం ధర్మం. మొదటి మూడు గ్రంథాలలో మైళ్లు, సత్రాలు, రేవులు తప్పులేకుండా ఇచ్చానని పాఠకులు మెచ్చుకున్నారు. ఈ నాలుగవదానిలో దూరాల ముందు ‘సుమారు’ అనే మాట పదే పదే కనబడుతుంది. అనంతగిరి నుండి అరకు లోయకు నడిచిన రోజైతే అసలే లేదు. కారణం చెప్పుకోవడానికి ఈ వ్యాసం. మనుషుల పేర్లు మార్చాను. ఇందులో వచ్చే ఠాణాను పోయిన ఏడు ఎత్తివేశారు.

నేను దూరం కొలిచే పద్ధతి పాఠకులకు ఎన్నడూ చెప్పలేదు. నడుముకు రెండు గుడ్డసంచులు ఉంటాయి. కుడిసంచి నిండా చింతపిక్కలు. వెయ్యి అడుగులు పడగానే ఒక పిక్క ఎడమసంచిలోకి మారుతుంది. విశ్రమించినప్పుడు పిక్కలు లెక్కపెట్టి, మలుపులూ వాగులూ చేర్చి, నోటుపుస్తకంలో రాసుకుంటాను. మూడు గ్రంథాల ప్రతిష్ఠ అంతా ఆ పిక్కలదే.

విజయనగరంలో రైలు దిగి శృంగవరపుకోటకు ఎడ్లబండి కట్టించుకున్నాను, బండివాడు రూపాయిన్నర తీసుకున్నాడు. కోట నుండి కనుమ ఎక్కి అనంతగిరి చేరడానికి రెండు రోజులు పట్టింది. ఏజెన్సీలో అలజడి అణగి ఎంతో కాలం కాలేదు. కొత్తవారు పోలీసుల అనుమతి చీటీ లేకుండా కదలరాదు. ఉదయం ఆరున్నరకు బయలుదేరుతున్నాననీ, బండిదారినే పోయి సూర్యాస్తమయం లోపల లోయలోని ఠాణాలో హాజరు కావలెననీ నా చీటీలో రాసి ముద్ర వేశారు. మూట మోయడానికి సుక్రు అనే కొండమనిషి ఎనిమిదణాలకు ఒప్పుకున్నాడు. నలభై ఏళ్లు దాటినవాడు, మితభాషి.

బండిదారి పదిహేను మైళ్లకు పైమాటే. రెండు మైళ్లు నడిచేసరికి నా ఎడమ మోకాలు మొరాయించింది. సుక్రు ఆగి, నా నడకనూ పొద్దునూ మార్చి మార్చి చూశాడు.

“ఇలాగైతే పొద్దుగూకేలోగా సేరలేవు, పంతులుబాబూ. మా దారొకటుంది. సగానికి సగం కలిసొస్తాది. ఎవులికీ సెప్పొద్దు.”

చెప్పనన్నాను. పొదల మధ్య నుండి నల్లమట్టి కాలిబాట కిందికి దిగింది. నా చేయి సంచుల మధ్య ఆడుతూనే ఉన్నది. కొంతదూరం పోయాక అతడు వెనుదిరిగి చూశాడు.

“ఏటి, జపమా?”

ఔనన్నట్లు తల ఊపాను. మాటతో అబద్ధమాడలేదని అప్పుడు సమాధానపడ్డాను. రెండుచోట్ల కూర్చొని పుస్తకంలో రాసుకున్నప్పుడు కూడా అతడు మంత్రం రాసుకుంటున్నాననుకొని దూరంగా నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి బాట మళ్లీ బండిదారిలో కలిసింది. అక్కడ దారికి అడ్డంగా వెదురుగడ కట్టి పదిమంది ఆడవారు నిలబడి ఉన్నారు. చైత్రంలో ఇక్కడ ఇటుకల పండుగ. మగవారు వేటకు పోతారు. ఆడవారు దారి కట్టి, వచ్చేపోయేవారిని కానుక అడుగుతారు. ఇవ్వనిదే గడ లేవదు. అందరికీ పెద్ద బుద్రి, సుక్రుకు అక్క.

“ఏటిరా సుక్రూ, ఏటకెళ్లమంటే పంతుల్ని కొట్టుకొచ్చినావా?” అన్నది. గుంటలందరూ, అంటే వెంట ఉన్న పిల్లలు, నవ్వారు. “ఎండిపోనాడు. కూరకి కూడా రాడు.”

అణా ఇవ్వబోయాను. ఆమె అక్కరలేదని, నడుము వైపు చూపించి, “ఆ గలగలమన్నదేటో సూపించు, ముసలిబాబూ,” అన్నది. సంచులు విప్పక తప్పలేదు.

“సింతపిక్కలా? రెండు సంచులెందుకు?”

“జపం లెక్కలే,” అన్నాడు సుక్రు నా తరఫున.

“జపానికి తావళం మెళ్లోనే ఏలాడతంది కదా. పిక్కలెందుకు?”

నా చేయి అప్రయత్నంగా మెడలోని రుద్రాక్షలను తాకింది. వెయ్యి అడుగులకొక పిక్క అని చెప్పాను.

“మరా రాత?” అని సుక్రు అడిగాడు.

“దారి.”

“మా దారా?”

అతడు మూటను నెమ్మదిగా దించాడు.

“దారి కొలిసే గొలుసు పట్టుకుని ఒకడొచ్చినాడు, పంతులుబాబూ. ఆడెనకాల రోడ్డొచ్చింది. రోడ్డెనకాల మా మొగోళ్లని తోలుకుపోనారు, రాళ్లు కొట్టడానికి. నా తమ్ముడింకా రానేదు. మళ్లీ తోలుకుపోడానికొస్తే గుంటల్నీ ఇత్తనాల్నీ పట్టుకుని మేం దాగేది ఆ దారెంటే. నీకు మోకాలు నొప్పని తీసుకొచ్చినాను.”

ఆ చివరి మాట అన్నప్పుడు అతడు నా వైపు చూడలేదు.

అరగంట నడిస్తే ఠాణా. అక్కడ చీటీతో పాటు నోటుపుస్తకం కూడా చదువుతారని అనంతగిరిలోనే విన్నాను. అంతకంటె బాధపెట్టినది ఒక పాత జ్ఞాపకం. నా రెండవ గ్రంథంలో అడవి నడుమ ఒక ఊటకు పోయే బాట వర్ణించాను. రెండేళ్లకు ఒక కలప గుత్తేదారు పండ్లబుట్టతో మా ఇంటికి వచ్చి, మీ పుస్తకం మాకు దారి చూపించిందని నమస్కరించాడు. నేను పొంగిపోయాను. అక్కడ ఇప్పుడు ఊట లేదు.

ఆ రోజు రాసిన మూడు కాగితాలూ చింపి బుద్రికి అందించాను. ఆమె వాటిని తిరగేసి, బోర్లించి చూసింది.

“మాకు సదువు నేదు. ఇయ్యే ఆ కాయితాలని మాకెలా తెలుస్తాది?”

అక్షరం నా చేతిలో ఉన్నంతకాలం వారికి నా మాట తప్ప వేరే ఆధారం లేదు. ఆ మాటను నేనే ఉదయం చెడగొట్టుకున్నాను. పుస్తకం మొత్తం ఇచ్చాను. పదహారు రోజుల రాత. ఆమె దాన్ని అంబలికుండ కింద మంటలో పెట్టి, కర్రతో ఎగదోసింది. పిక్కలు గుంటలు పంచుకున్నారు.

మూట అందుకోబోయిన సుక్రును బుద్రి ఆపింది. “ఇప్పుడెల్తే ఎగిరొచ్చినాడా అని అడగరా? కూకో.”

నిజమే. చీటీలో ఆరున్నర అని ఉన్నది. త్వరగా చేరడమే అడ్డదారికి సాక్ష్యం. ఆలస్యమైతే ఆజ్ఞ మీరినట్లు. మూడు గంటలు గడ పక్కనే కూర్చున్నాము. వారు ఆటపాటలలో పడ్డారు. నా కళ్లు నీడల మీదే. ఇచ్చిన అంబలి దొప్పను కాదనడానికి నోరు రాక తాగాను. చివరకు బుద్రి పొద్దు చూసి, “ఇంక బేగి ఎల్లండి,” అని, బండిదారి ఎర్రదుమ్ము గుప్పెళ్లతో తీసి నల్లమట్టి అంటిన నా కాళ్లకూ పంచెకూ చల్లింది. “మా పండగ రంగు.” గడ లేచింది.

ఠాణాలో హెడ్డు కానిస్టేబులు చీటీ కంటె ముందు నా పాదాలు చూశాడు. ఆ దుమ్ము పరిహాసం కాదని అప్పుడు తెలిసింది. గడియారం చూశాడు, చీటీ చూశాడు.

“పుస్తకాలు రాసేవారట. నోటుపుస్తకమేదీ?”

“దారి కట్టినవారికి ఇచ్చాను. పొయ్యిలో పెట్టారు.”

అతడు నవ్వి, “నా తలపాగా అడిగారండి నిన్న,” అన్నాడు. తరువాత నవ్వు ఆపి, “బండిదారి కాక వేరే బాటలేమైనా కనిపించాయా?” అని అడిగాడు.

సత్యవ్రతుడైన తాపసి ఒకడు, జనం పారిపోయిన దారిని దొంగలకు ఉన్నదున్నట్లు చూపి నరకానికి పోయిన కథ నేను ఎన్నో సభలలో చెప్పాను. ప్రతిసారీ ఆ తాపసిని తప్పుపట్టడం సులభంగానే తోచింది. ఆ వేళ మాత్రం అతని చోట నేను నిలబడ్డాను.

“లేదు,” అన్నాను. ముద్ర పడింది.

బయట సుక్రుకు కూలి ఇచ్చాను. అతడు నా ఖాళీ నడుము చూసి, “ఇప్పుడు సేసుకో, పంతులుబాబూ, జపం,” అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మిగిలిన పదిహేను రోజులనూ జ్ఞాపకం మీద తిరిగి రాశాను, అందుకే ‘సుమారు’. దారిని చూడడమే దానిపై హక్కు అని ముప్పై ఏళ్లు అనుకున్నాను. కొన్ని దారులు మనలను మోసుకుపోవడానికే ఒప్పుకుంటాయి; వాటిని మనం మోసుకుపోవడానికి కాదు. అరకు వెళ్లదలచినవారు చైత్రంలో వెళ్లండి. అనంతగిరిలో తెల్లవారకముందే లేచి, బండిదారినే తొమ్మిది గంటల నడకకు సిద్ధపడండి. మోకాలు నొప్పి ఉంటే మధ్యలో ఒక రాత్రి ఆగండి గాని ఎవరి జాలినీ పరీక్షించకండి. గడ కట్టిన చోట అడిగినది ఇవ్వండి.

నా వెనుక ఈ కొండలెక్కేవారందరికీ కాళ్లు నొవ్వకుండు గాక. మీకు దారి చూపినవారి ఇల్లు చల్లగా ఉండు గాక. సుక్రు తమ్ముడు ఇల్లు చేరు గాక.