బొంతలో దారి

మా అత్తగారు పోయారు. పోయిన నెల, ఇక్కడ కెనడాలో, స్కార్‌బరోలో, మంచు కరిగి రోడ్ల పక్కనంతా బురద బురదగా ఉన్న రోజుల్లో, హాస్పిటల్లో, పొద్దున పూట. గుండె ఆగిపోయింది. డాక్టరు బయటికొచ్చి మా ఆయనకి చెబుతుంటే నేను ఆవిడ కళ్ళజోడు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. ఇన్నేళ్ళకి నాకూ ఆ బిరుదు దక్కింది. ఎవరికైనా కావాలంటే తీసుకోండి, నాకొద్దు.

మీలో కొందరు ఆవిడని చూసే ఉంటారు. చీర మీద కొడుకు పాత వింటర్ జాకెట్, కాళ్ళకి స్నో బూట్లు, చేతిలో దేశీ షాపు సంచీ. బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవరుకి థాంక్యూ చెబితే ఈవిడ మాత్రం "వస్తా నాయనా" అనేవారు. ఆ రూట్లో డ్రైవర్లకి అది అలవాటైపోయింది. ఒకాయన తిరిగి "నాయనా" అని చెయ్యి కూడా ఊపేవాడు.

మామయ్యగారు పోయాక ఒంగోలు దగ్గర పల్లె నుంచి, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద మా దగ్గరికొచ్చారు. సూట్‌కేసులో పచ్చళ్ళ డబ్బాల అడుగున, తువ్వాలులో చుట్టిన గుడ్డ ముక్క ఒకటుంది. దాన్ని లాండ్రీ బుట్టలో వేయబోతే నా చేతిలోంచి లాక్కున్నారు.

"అది మా అమ్మ బొంత."

బొంతంటే మంచమంత ఉండాలి కదా. ఇది దిండు గలీబంత కూడా లేదు.

సంగతేమిటంటే, వాళ్ళమ్మగారు టైలరు దగ్గర మిగిలిన పేలికలు తెచ్చి, పాత చీరలు పొరలుగా వేసి బొంత కుట్టారట. ముగ్గురు అక్కచెల్లెళ్ళూ దాని కిందే పెరిగారు. ఆవిడ పోయాక నాకు కావాలంటే నాకు కావాలని ముగ్గురూ పట్టుబట్టి, చివరికి కత్తెర తెచ్చారు. కత్తెర పట్టింది చిన్నదైన మా అత్తగారే. అప్పటికే బొంత చాలా చోట్ల చిరిగింది. నాలుగు ముక్కోణపు పేలికలు ఒకచోట కలిసి పువ్వుల్లా ఉండేవి దాని నిండా. అమ్మ పువ్వు తెగకూడదని, బాగున్న చోటు చూసి, పువ్వుకీ పువ్వుకీ మధ్యలోంచి జాగ్రత్తగా కోశారు. తలొక పువ్వు పంచుకున్నారు. మిగిలిందంతా చీకిపోయి ఎటు పోయిందో తెలీదు.

కెనడా వచ్చాక ఆవిడది ఒకటే పట్టు. "ఇక్కడి దుప్పట్లకి బరువు లేదమ్మా, కోడి ఈకల కింద పడుకున్నట్టుంది. మా అమ్మ బొంత మళ్ళీ కుట్టుకుందాం. పోయేలోపు ఒక్కసారి మొత్తంగా చూడాలి." అక్కలిద్దరూ అప్పటికే లేరు. ఫోటో లేదు. మా ఆయన పుట్టకముందే బొంత ముక్కలైంది. దాన్ని పూర్తిగా కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఈవిడొక్కరే.

నాకు అప్పుడే ఐటీ ఉద్యోగం పోయింది. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుని అప్లై చేయడం, రిజెక్షన్ చూసుకోవడం. ఆవిడ ఒక్కసారి కూడా "ఏమైంది, ఎప్పుడొస్తుంది" అని అడగలేదు. సూదిలో దారం ఎక్కించి నా చేతిలో పెట్టారు. "చేతులు ఖాళీగా ఉంటే బుర్ర తినేస్తుంది. పట్టు." ఆ చలికాలం నేను పిచ్చిదాన్ని కాకుండా బయటపడ్డానంటే ఆ సూది చలవే. అప్పుడు ఆవిడకి ఆ మాట చెప్పానో లేదో కూడా గుర్తులేదు.

కమ్యూనిటీ సెంటర్లో మంగళవారాలు క్విల్టింగ్ గ్రూపు, అంటే బొంతలు కుట్టేవాళ్ళ గుంపు, ఉందని తెలిసి తీసుకెళ్ళాను. అందరూ జుట్టు నెరిసిన ఆడవాళ్ళు. నేర్పే ఆవిడ రిటైరైన నర్సు. అత్తగారు మొదటిరోజు నుంచీ ఆవిణ్ణి "టీచరమ్మా" అని పిలిచారు, ఆవిడా పలికేది. నేను మధ్యలో దుబాసీని. టీచరమ్మ మా ముక్కని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, ఈ గడి నమూనా మాకూ ఉంది, మా నానమ్మలు కుట్టేవాళ్ళు, బ్రోకెన్ డిషెస్ అంటాం అంది. ఆ మాట తెలుగులో చెప్పాను.

"పగిలిన ప్లేట్లా? శుభమా అని మొదలెడుతుంటే ఇదేం పేరమ్మా!"

"మరి మీ అమ్మగారు ఏమనేవారు?"

"ఏమంటుంది? బొంత అనేది."

పైకి అలా అన్నారు గానీ లోపల ఒకటే సంబరం. మా అమ్మ కుట్టిన గడి ఈ దేశం వాళ్ళకి కూడా తెలుసట అని ఇంటికొచ్చాక కొడుక్కి చెప్పారు, ఊళ్ళో ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పారు, లిఫ్టులో కనిపించిన తమిళావిడకి సైగలతో చెప్పారు.

ఇక మొదలైంది. నా పాత కాటన్ చీరలు పోయాయి, మా ఆయన చొక్కాలు పోయాయి. నేను పక్కనున్న మార్కమ్ వెళ్ళి కొత్త బట్ట కొనుక్కొస్తే వేళ్ళతో నలిపి చూసి పక్కన పడేశారు. "కొత్త గుడ్డకి పొగరెక్కువ. నాలుగు ఉతుకులు పడితేగానీ పక్క గుడ్డతో కలవదు." గుడ్డని చూసి అన్నారో నన్ను చూసి అన్నారో! గబగబా కుడుతుంటే "సూదిని తొందరపెడితే అది వేలినే కుడుతుంది" అనేవారు. అన్నట్టే గుచ్చుకునేది. అప్పుడు ఆవిడ ముఖంలో తృప్తి చూడాలి.

గళ్ళు తయారయ్యాయి. మధ్యలో పువ్వు, అంచుల్లో ముక్కలో ఉన్నట్టే అక్కడక్కడా సన్నటి నీలం పట్టీ. టీచరమ్మ వాటిని గోడకి తగిలించిన తెల్లటి గుడ్డ మీద వరసగా అంటించి దూరం జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది కాదు."

"ఏం తేడా అత్తయ్యా? అచ్చు ముక్కలో ఉన్నట్టే ఉందిగా?"

"పువ్వులైతే అవే. కానీ ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని కూర్చున్నట్టున్నాయి. మా అమ్మ బొంతలో దారి ఉండేది. నీలం దారి. నాకు జొరమొస్తే దాని మీద వేలు పెట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి పోయేదాన్ని. ఎన్ని మలుపులు తిరిగేదో! ఇందులో ఎక్కడికీ పోలేం."

గళ్ళని తిప్పాం, మార్చాం, తలకిందులు చేశాం. ఇట్టా కాదు. అట్టా కూడా కాదు. చూస్తే పోల్చుకునేవారే గానీ, గీసి చూపించమంటే ఆవిడకి చేతకాలేదు. పెన్సిల్ పట్టుకుని కాసేపు కూర్చుని, "నా చేతికి రావట్లేదమ్మా, కంటికే తెలుసు" అని పెట్టేశారు.

చివరికి టీచరమ్మ ఒక మాట చెప్పింది. ముక్క వెనకవైపు గుడ్డ విప్పితే లోపలి అతుకులు కనిపిస్తాయి, ఒక గడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది అని. అత్తగారు ముక్కని ఒళ్ళోకి తీసుకుని చీర కొంగు కప్పేశారు.

"మా అమ్మ చేతికుట్టు విప్పుతారా? అప్పుడొకసారి కత్తెరపెట్టిన పాపం చాల్లే. నేను పోయాక విప్పుకో."

బతిమాలాను. వాదించాను. రెండ్రోజులు మాట్లాడ్డం మానేశాను కూడా. ఊహూ. సరే, మిగతా రెండు ముక్కలూ దొరికితే ఇది విప్పక్కర్లేదు కదా అని వాట్సాప్‌లో వెతకడం మొదలుపెట్టాం. పెద్దక్కగారి మనవరాలు "ఇల్లు మారినప్పుడు పాత గుడ్డలన్నీ పారేశాం పిన్నీ, సారీ" అంది. రెండో అక్కగారి అబ్బాయి దాన్ని కారు తుడవడానికి వాడేవాణ్ణని, ఇప్పుడెక్కడుందో తెలీదని చెప్పాడు. స్పీకర్లో అత్తగారు విన్నారు. "మంచి గుడ్డే. నీళ్ళు బాగా పీలుస్తుంది" అన్నారు. ఆ పూట అన్నం తినలేదు.

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేరు.

పెద్దకర్మ అయ్యాక టీచరమ్మ మా అపార్ట్‌మెంటుకి వచ్చింది. చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ విప్పాం. అత్తగారి మాటే కదా, పోయాక విప్పుకోమన్నారు కదా అని ప్రతి కుట్టుకీ నాకు నేను చెప్పుకున్నాను. వెనక గుడ్డ తీసేసరికి టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గడికీ గడికీ కలిపే పొడుగాటి అతుకులు రెండూ పువ్వు మధ్యలోంచే పోతున్నాయి. అంటే మేం గడి అనుకున్నది గడే కాదు. నాలుగు గళ్ళ మూలలు కలిసిన చోటు. అసలు గడి మధ్యలోంచి నీలం దారి పోతుంది, గడి నాలుగు మూలల్లో ఒక్కో రెక్క. నాలుగు గళ్ళు చేరితే పువ్వు. మేం అంచులో పట్టీ అనుకుని బుద్ధిగా కుట్టింది దారిలో సగం. అమ్మ పువ్వు తెగకూడదని ముగ్గురు కూతుళ్ళు ఎంతో జాగ్రత్తగా కోసిన కోతకి పువ్వు బతికి దారి తెగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గడి ఎలా ఉంటుందో సగం తెలిసింది. ఆ సగానికి ఎంత ఏడ్చానో! ఎందుకంటే దారి గడి మధ్యకొచ్చాక నేరుగా పోయిందా, ఎడమకి తిరిగిందా, కుడికా? అది తెగిపోయిన వైపు ఉంది. ఒక్కో గడికి ఒక్కోలా ఉండొచ్చు. గోడ మీద రెండు రకాలు పేర్చి చూపిస్తే చాలు, ఆవిడ ఇట్టే చెప్పేవారు. ఒక్క మంగళవారం సరిపోయేది.

టీచరమ్మ నా భుజం మీద చెయ్యేసి, ఎలా పేర్చినా అందంగానే ఉంటుంది, నీకు నచ్చినట్టు కుట్టు అంది. మంచి మనిషి, మంచికే చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అందమెవరిక్కావాలి? అందమైన బొంతలు షాపులో దొరుకుతాయి. ఆవిడ చూడాలనుకున్నది వాళ్ళమ్మ బొంత. అది ఇక ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు.

అయినా గళ్ళు కుట్టాను, ఈసారి సరైనవి. దారి నేరుగా పోయేవి కొన్ని, మలుపు తిరిగేవి కొన్ని. హాల్లో కార్పెట్ మీద పరిచి ఉన్నాయి. ఒకదానికొకటి కలపలేదు. కలిపితే ఏదో ఒకటి నిజమని ఒప్పుకున్నట్టే కదా.

నిన్న మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, జాకెట్ కూడా తీయకుండా నేల మీద కూర్చున్నాడు. ఒక గడిని తిప్పి పెట్టాడు.

"ఇట్టా ఉండేదేమో."

చూశాను. బాగానే ఉంది. దారి కలిసింది. అదే గడిని ఇంకోవైపు తిప్పాడు. అప్పుడూ కలిసింది, అప్పుడూ బాగానే ఉంది. ఏదీ కాదనడానికి మాకు కారణం కనిపించలేదు. ఇద్దరం ఒక్కసారే తలెత్తి ఆవిడ గది వైపు చూశాం.