ఖాళీగా వదిలిన గడి

పాపను డే కేర్‌లో చేర్పించిన రోజు, అక్కడ ఇచ్చిన కాగితంలో ఒక గడిని నేను కావాలనే ఖాళీగా వదిలేశాను. ఈ సంగతి మా ఆయనకు తెలియదు, మా అత్తకు తెలియదు. అన్నీ రాసుకునే నా డైరీలో కూడా చాలా రోజులు రాయలేదు. ఆ గడి పైన ‘పడని తిండి, పడని మందులు’ అని ఉంది.

నిజానికి గడులు నింపడమే నా ఉద్యోగం. కళ్యాణదుర్గంలో తహసీల్దారు ఆఫీసు ఎదురుగా ఉన్న ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చుని, వచ్చినవాళ్ళ దరఖాస్తులు టైపు చేస్తాను. “ఏదీ ఖాళీగా వదలకూడదు పెద్దాయనా, వెనక్కి తిరిగొస్తుంది” అని రోజంతా చెప్తుంటాను. గట్టిగా కాదు. నా గొంతు కంటే కీబోర్డే నయమని మా ఓనరు ఎగతాళి చేస్తాడు.

పాపకు ఏడాదిన్నర అప్పుడు, ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అన్నంలో ఇంత వేరుశెనక్కాయల పొడి, నెయ్యి కలిపి రెండు ముద్దలు పెట్టాను. కాసేపటికి పెదవులు ఉబ్బాయి, మెడ నిండా ఎర్రటి దద్దుర్లు లేచాయి. మందుల షాపుకు ఎత్తుకుని పరిగెత్తి, ‘దురద’ అని మాత్రం చెప్పి సిరప్ తెచ్చాను. సాయంత్రానికి తగ్గింది. మా ఆయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఆదివారం వస్తాడు. ఆయన వచ్చేసరికి ఒంటి మీద మచ్చ కూడా లేదు. నేను చెప్పలేదు. చెబితే మా అత్తకు తెలుస్తుంది, నాకు బిడ్డను పెంచడం రాదనే మాట మళ్ళీ మొదలవుతుంది.

అప్పటినుంచి మా వంటింట్లోకి శెనక్కాయలు రానివ్వలేదు. కంబదూరు పక్క పల్లె నుంచి వచ్చినప్పుడల్లా అత్త నా పుట్నాల చట్నీని వేలితో నాకి చూసి, “శెనక్కాయ పండే నేలన పుట్టి, శెనక్కాయ లేని చట్నీ చేస్తావేమే? ఎవురన్నా ఇంటే నవ్వుతారు” అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

రెండేళ్ళు నిండాక డే కేర్ వెతకడం మొదలుపెట్టాను. నాకు ఏది చేయాలన్నా ముందు రాసుకోవడం అలవాటు. చూడాల్సినవి డైరీలో రెండు పేజీలు రాశాను. గేటుకు గడియ ఎంత ఎత్తులో ఉంది? నీళ్ళ సంపుకు మూత ఉందా? కరెంటు ప్లగ్గులు పిల్లల చేతికి అందుతాయా? ఆ ఇంట్లో ఇంకెవరుంటారు? ఫోన్ చేస్తే ఎత్తుతారా? వాళ్ళ గురించి అడగాల్సినవన్నీ రాశాను గానీ, మా పాప గురించి నేను చెప్పాల్సింది మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు.

మొదట వెళ్ళిన పెద్ద స్కూలులో గోడల నిండా బొమ్మలున్నాయి. నాకంటే ముందు ఒకామె తన కొడుకును చేర్పించడానికి కూర్చుంది. “వీనికి అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తాయి మేడం” అని నిజం చెప్పింది. అంతవరకూ ఫారం నింపుతున్న మేడం పెన్ను పక్కన పెట్టి, నవ్వుతూ, “సీట్లు అయిపోయినాయమ్మా” అంది. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నా వంతు రాకముందే నేనూ లేచి వచ్చేశాను. కానీ ఆ రోజు నేర్చుకున్నది గట్టిగా నేర్చుకున్నాను: నోరు మూసుకుంటే సీటు దొరుకుతుంది.

రెండోది, నీళ్ళ ట్యాంకు వెనక సందులో ఒక అక్క తన ఇంట్లోనే నడిపే డే కేర్. ఎనిమిది మంది పిల్లలు. సంపు మూత మీద రాయి పెట్టి ఉంది. నేను అడగాల్సిన ప్రశ్నలు గొంతులో ఉండగానే ఆమే నన్ను అడిగింది. పాప పడుకునేటప్పుడు జో కొట్టల్లనా? భయపడేది దేనికి? ఏదన్నా తింటే పడదా? చివరి ప్రశ్నకు నేను బ్యాగులో పెన్ను వెతుక్కున్నాను. ఆమె కాగితం ఇచ్చి, “నింపు తల్లీ, ఏదున్నా రాయి. నాకు తెలిస్తేనే కదా చూసుకునేది” అంది.

అన్నీ నింపి, ఆ ఒక్క గడి వదిలి ఇచ్చాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. “ఏమీ లేదా?”

“లేదక్కా. అయితే బయటిది ఏదీ పెట్టొద్దు. ఊరికే కడుపు చెడిపోతుంది. బాక్సు నేనే పంపిస్తా.”

“సరేమ్మా” అంది. మూడు నెలలు ఆ మాట నిలబెట్టుకుంది. ఎంత ఏడ్చినా పక్క పిల్లల బాక్సులోది పాప నోట్లో పెట్టలేదు. సగం అబద్ధంతోనే పని జరిగిపోతోందని నేను నమ్మేశాను.

కొత్త శెనక్కాయలు ఇంటికి చేరే కాలం వచ్చింది. ఒక రోజు పదకొండున్నరప్పుడు సెంటర్‌కు ఒక పెద్దాయన పంట బీమా కాగితాలు తెచ్చాడు. తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని, మంచి హుషారుగా ఉన్నాడు.

“ఈ తూరి నాలుగు కాయలు చేతికొచ్చినాయమ్మా” అన్నాడు. “పోయిన రెండేండ్లు ఎద్దులకు ఎయ్యను కట్టె గుడక మిగల్లేదు. మా ముసిల్ది బెల్లం పాకం పట్టి ఉండలు చేసింది. కొత్త కాయలు ముందు పిల్లోల్ల నోట్లో పడల్ల, ఆమైన మనం తినల్ల. మా మనవడు ఉండే పిల్లోల్లింటికి పోయి, అందరి చేతుల్లో పెట్టి ఇప్పుడే వస్తాండా.”

నా వేళ్ళు ఆగిపోయాయి. “ఏ ఇంటికి?”

“ఈడనే, ట్యాంకు ఎనక సందులో. ఆయమ్మ వద్దు వద్దనె. కొత్త కాయలకు వద్దనగూడదు తల్లీ అని పిల్లోల్ల చేతుల్లోనే పెట్టేసినా. ఒక చిన్నది ఉండాదిలే, నీలం గౌను. ఉండ గట్టిగా పట్టుకోని నా తువ్వాలు ఇడిచిపెట్టల్యా!”

నీలం గౌను పొద్దున నేనే తొడిగాను.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. లేచి నిలబడి, “అన్నా, నేను పోవల్ల” అన్నాను. మా ఓనరుకు వినపడలేదు. రెండోసారి అంటే, “యాడికమ్మా? ఈడ జనం చూడు!” అన్నాడు. జవాబు చెప్పకుండా బయటికి నడిచాను. వెనక నుంచి పెద్దాయన, “నా కాగితాలో?” అంటున్నాడు.

షేర్ ఆటో ఎక్కాను. డ్రైవర్, “ఇంగ ఇద్దరు రానీమ్మా” అని దిగి బీడీ ముట్టించాడు. ‘అన్నా, నా బిడ్డకు ప్రమాదం, పోనీ’ అనాలి. అంతే. ఆ నాలుగు మాటలూ నోట్లో కూర్చుకుంటూ అలాగే కూర్చున్నాను. ఎదురుగా ఉన్నామె చీరల గురించి చెబుతోంది. నేను తల కూడా ఊపాను. ఎంతసేపు అలా ఉన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. చివరికి ఏమీ అనకుండా దిగి, ఎండలో పరిగెత్తాను. ఒక చెప్పు తెగితే రెండోది కూడా వదిలేశాను.

గేటు తీసేసరికి అక్క పాపను భుజాన వేసుకుని ఎదురొస్తోంది. పాప పెదవులు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు సగం మూసుకుపోయాయి. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు.

“ఉండ తినిందా?” అన్నాను.

“సగం తినింది. నేను ఇంకో పిల్లోనికి నీళ్ళు తాపి వచ్చేలోపల… ఆస్పత్రికి పోదాం పద, పద!” పక్కింటామెను పిల్లల దగ్గర కూర్చోమని అరుస్తూనే సందు చివరికి పరుగు తీసింది. పోతున్న ఒక మోటారు సైకిలుకు అడ్డం నిలబడి ఆపింది. ఆమె చేసిన ఆ పనిని నేను చేయగలిగేదాన్నా అని అప్పుడు కూడా అనుకున్నాను.

ఆస్పత్రిలో తొడకు ఇంజెక్షన్ వేశారు. మూతికి గొట్టం పెట్టారు. పాప ఛాతీ పైకీ కిందికీ ఎగిసిపడుతుంటే చూస్తూ నిలబడ్డాను. కొంతసేపటికి ఈల తగ్గింది. ఇంకొంతసేపటికి నన్ను చూసి ఏడ్చింది. ఆ ఏడుపు విని గోడకు ఆనుకున్నాను.

డాక్టరమ్మ అడిగింది, “ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా?”

అక్క నా పక్కనే ఉంది.

“లేదు మేడం” అన్నాను.

డాక్టరమ్మ అక్క వైపు తిరిగింది. “తల్లి నమ్మి ఒప్పజెప్తే ఏది పడితే అది పెడతారా? ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏమయ్యేది?” అక్క తల వంచుకుంది. కొంగుతో పాప చేతికి అంటిన బెల్లం తుడుస్తూ నిలబడింది. నేను నా ఒట్టి కాళ్ళను చూసుకున్నాను.

పాప మర్నాటికల్లా బాగుంది. మాట మాత్రం ఊరంతా పాకింది. మా అత్త పల్లె నుంచి వచ్చి, “పరాయోల్ల చేతిలో బిడ్డను పెట్టగూడదనేది ఇందుకే” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేను సెంటర్‌కు తిరిగి వెళ్ళాక, క్యూలో ఒకామె ఇంకొకామెతో, “పాచిపోయింది పెట్టిందంట ఆయమ్మ” అంటుంటే విన్నాను. ‘కాదు’ అని ఒక్క మాట అంటే చాలు. వాళ్ళ ఆధార్ నంబరు టైపు చేస్తూ కూర్చున్నాను. మొదటి వారంలో ముగ్గురు పిల్లలను మాన్పించారని తెలిసింది. తర్వాత ఇంకో ఇద్దరిని. ఆ పెద్దాయన మనవడు కూడా మానేశాడు.

ఆ రాత్రుళ్ళలోనే డైరీలో మొత్తం రాశాను. మొదటి రెండు ముద్దల నుంచి ‘లేదు మేడం’ దాకా. రాస్తే తేలిక పడుతుందనుకున్నాను. పడలేదు. కాగితానికి చెప్పడం నాకు ఎప్పుడూ సులువే. చెప్పాల్సింది కాగితానికి కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. వసారాలో చిన్న చిన్న చాపలు చుట్టి తాడు కట్టి ఉన్నాయి. ఊయల కొక్కానికి ఊయల లేదు. తాడిపత్రిలో చెల్లెలింటికి పోతున్నానని, ఇల్లు ఖాళీ చేస్తున్నానని చెప్పింది. పాప ఎట్లుందని అడిగింది. నీళ్ళు ఇచ్చింది. తర్వాత అట్టపెట్టెలో వెతికి, నేను నింపిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

“ఇంకో చోట చేర్పిస్తావు కదా. ఆడ ఈ గడి నింపు తల్లీ” అంది.

“అక్కా, ఆ పొద్దు ఆస్పత్రిలో నేను…” అన్నాను.

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుంది. కోపం లేదు, నవ్వూ లేదు.

“నువ్వు గేటు తీసుకోని వస్తానే, పాపకేమైందక్కా అని అడగలేదమ్మా. ఉండ తినిందా అని అడిగినావు.”