బాగానే ఉందన్న ఇల్లు

మా లూసియానా కాలువ గట్టున ఎవరైనా "ఎలా ఉన్నారు" అని అడిగితే "బాగానే ఉన్నాం" అనడమే మర్యాద. కాలు విరిగినా అదే మాట. ఈ పాడు మర్యాదే ఓడీల్ వెర్రెట్ కొంప ముంచింది.

ఆగస్టు తుఫాను ఆమె ఇంటికప్పును సగానికి సగం లేపేసింది. తెల్లారేసరికి ఎవరూ పిలవకుండానే అందరం సుత్తులు పట్టుకుని వెళ్ళాం. మా దగ్గర అంతే, గాలి ఆగితే పని మొదలు. రొయ్యల పడవ నడిపే క్లోవిస్ పైకెక్కి రేకులు కొట్టాడు, లోపల సీలింగుకు కొత్త చెక్కలు బిగించాడు. తడిసినవన్నీ పెరట్లో తగలబెట్టాం. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఓడీల్ ఆ సందట్లోనే పెద్ద కుండెడు గంబో పులుసు వండి అందరికీ పెట్టింది. ఒక ఫోటో తీసి ఉంచుదామన్న బుద్ధి మాలో ఒక్కరికీ పుట్టలేదు.

తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయరు వచ్చాడు. "ఇల్లు ఎలా ఉందమ్మా?" అన్నాడు. ఈ మహాతల్లి కాఫీ చేతికిచ్చి, "బాగానే ఉంది బాబూ. మావాళ్ళు చేసేశారు. దిగువన వాళ్ళకి కొంపలే లేవు, ముందు అటు వెళ్ళు" అంది. అతను ఆ ముక్కే రాసుకుని పోయాడు. నష్టం లేదని ఇంటావిడే చెప్పింది కాబట్టి ఏమీ ఇవ్వబోమని కంపెనీ తేల్చేసింది.

అప్పటికే గోడల్లో నల్లబూజు పాకుతోంది. క్లోవిస్ కొట్టిన రేకుల సందుల్లోంచి వాన దిగుతోంది. ఓడీల్ దగ్గు ఆగడం లేదు. కంపెనీ డబ్బు ఇవ్వకపోతే ఆ ఇల్లు వదిలేసి పోవాల్సిందే. నేనే పక్కన కూర్చుని అప్పీలు పెట్టించాను.

"మళ్ళీ మనిషిని పంపుతారట. కారుతోందని చెప్పు, చాలు," అన్నాను.

"క్లోవిస్ చెవిన పడితే ఎలాగే? వాడి పడవ మునిగిపోయి ఉంటే, దాన్ని వదిలేసి ముందు నా కప్పెక్కాడు."

"అయితే వాడేమనుకుంటాడో అని బూజులో పడి చావు."

కోపం ఆపుకోలేకపోయాను. ఆమె నవ్వబోయి దగ్గింది.

ఈసారి సర్వేయరుగా ఒకావిడ వచ్చింది. ఏం ఖర్మో, అదే వేళకి క్లోవిస్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఓడీల్ అందరికీ కాఫీ పోసింది.

"కప్పు కారుతోందా అమ్మా?" అంది సర్వేయరు.

ఓడీల్ క్లోవిస్ వైపు చూసింది. "లేదమ్మా. వీడు బాగా చేశాడు."

నాకు ఆమెను పట్టుకుని కుదిపేయాలనిపించింది. క్లోవిస్ కుర్చీ లాక్కుని ఎక్కి, తను కొట్టిన సీలింగు చెక్కను తన సుత్తితోనే పీకాడు. నల్లటి ముద్ద ఒకటి నీళ్ళతో సహా కాఫీ కప్పుల మీద పడింది. పైన తుఫానుకి విరిగిన వాసం, దాని పక్కనే అతను ఆసరాగా కొట్టిన కొత్త వాసం కనిపించాయి.

"విరిగినదాన్ని తియ్యం మేము. పక్కన ఇంకోటి కొడతాం. తుఫాను విరిచింది ఇంకా అక్కడే ఉంది, చూసుకోండి," అన్నాడు సర్వేయరుతో. తర్వాత ఓడీల్ వైపు తిరిగాడు. "నా పని బాలేదత్తా. ఇప్పుడు చెప్పు."

ఓడీల్ గుడ్డ తెచ్చి బల్ల తుడవబోయింది. సర్వేయరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, "ఇల్లు ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"పోయింది," అంది ఓడీల్. "నా ఇల్లు పోయింది తల్లీ."

ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. గుడ్డను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సర్వేయరు ఆ ముక్కే రాసుకుంది.