అవ్వ దండకడియం బిగిసిన రోజు

ఆ పొద్దున వాకిలి ఊడుస్తుంటే జబ్బకున్న వెండి దండకడియం కదలలేదు. అది మా అవ్వది, నన్ను కన్నతల్లిది. ఆమె పోయాక నేను తొడుక్కున్నప్పుడు మోచేతి దాకా జారేది. మూడేళ్లలో కండలోకి దిగబడింది. అవ్వ కూడా ఇలాగే లావెక్కింది. తర్వాత తీరని దప్పిక, కాలికి పుండు, మంచం. నాకూ అప్పటికే దప్పిక మొదలైంది.

మా అత్త చూసి, "మీ అవ్వ గా కడియంల కూసున్నదే. రేపు నీ బిడ్డకు గూడ గిదే తొడుగుతవా?" అంది.

నా బిడ్డ రాజవ్వకు అప్పుడు పదేళ్లు. బొద్దుగా, అచ్చం మా అవ్వలా ఉండేది. భయపడి చొప్పదండిలో నగలు చేసే ఔసలాయన దగ్గర కడియం కోయించాను.

"బువ్వ జర తగ్గియ్యి చెల్లే, వెండి ఏం జేస్తది?" అని ఆయన నవ్వాడు.

సిగ్గుతో తిండి మానేశాను. పూటకో గుక్కెడు గట్క జావ, అంతే. ఇరవై రోజులకు మక్కజొన్న చేనులో కలుపు తీస్తూ పడిపోయాను.

రాజవ్వను వెంటబెట్టుకుని కరీంనగర్ దవాఖానకు పోయాను. యూరిన్ టెస్ట్ అన్నారు. గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, నా మూత్రం చుక్కలు వేసి కాచారు. నీలం పచ్చబడి, ఇటుక రంగుకు తిరిగింది.

"షుగర్. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉండేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా అవ్వ లావైంది, కాలు కుళ్లి పోయింది. గామె కడియంల ఉన్నదని కోయించిన."

ఆమె నవ్వలేదు. "కడియంలో కాదమ్మా, ఆ ఒంటి తీరు నీ నెత్తురులో వచ్చింది. హెరిడిటీ అంటాం. కడుపు మాడ్చుకుంటే పోదు. గోలీలు వేసుకో, వేళకు మితంగా తిను."

"మరి గీ పొల్లకు?" అని రాజవ్వను ముందుకు జరిపాను.

"రావచ్చు, రాకపోవచ్చు. ఏడాదికోసారి చూద్దాం."

ఆ రోజే రాజవ్వకూ టెస్ట్ చేశారు. గొట్టం కాగుతున్నంతసేపు నాకు ఊపిరాడలేదు. నీలం నీలంగానే ఉంది.

ఆరేళ్లయింది. గోలీలు మానలేదు. నేను పెద్దగా చిక్కలేదు గానీ, కాళ్లకు పుండ్లు లేవు. జబ్బు కడియంలో లేదని తెలిశాక, కోసిన దానికి మరో వెండి ముక్క అతికించి, వెడల్పు చేయించి రాజవ్వకే తొడిగాను. ఏటా ఇద్దరం దవాఖానకు బస్సెక్కుతాం. మొన్న గొట్టం కాగుతుంటే రాజవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఊపిరి తీస్కోవే అవ్వా! ఉచ్చ నాది, వణుకుడు నీదా?" అంది. ఈసారీ నీలమే. వచ్చే ఏటి భయం తిరిగొచ్చే బస్సులోనే మొదలైంది.

దవాఖానకు పోతే మిమ్మల్ని కన్న అవ్వ, బాపు ఒళ్లు ఎలా ఉండేదో, ఏం జబ్బుతో పోయారో సిగ్గుపడకుండా ముందే చెప్పండి.