మిషన్ల మావయ్య చెవి

మిషన్ల మావయ్య పొద్దున్నే లేచి, కళ్లు మూసుకుని భగవంతుణ్ణి తలుచుకున్నాక తిన్నగా వెనక గదిలోకి వెళ్లేవాడు. స్టాండు వేసి ఉన్న పాత మోటారు సైకిలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, "లేచావా నాయనా?" అని పలకరించేవాడు. ఆ తర్వాతే టీ పెట్టడం, మొదటి గ్లాసు భార్యకు అందించడం.

"నన్ను ఏనాడైనా ఇంత ముద్దుగా లేపారా?" అనేది ఆవిడ, గ్లాసు అందుకుంటూ.

"నువ్వు ఒక్క పిలుపుకే లేస్తావు. వాడు ఎన్ని తన్నులు తన్నినా లేవడే!"

ఆయన వృత్తి కుట్టుమిషన్లు బాగుచేయడం. చక్రం ఓసారి తిప్పమని, చెవి ఒగ్గి విని, "సూది వంగిందమ్మా" అని మూత తీయకుండానే చెప్పేవాడు. వయసు మళ్లినవాళ్లు మిషను మోసుకొస్తారని తెలిస్తే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని తానే వాళ్లింటికి నడిచేవాడు.

వెనక గదిలోని ఆ బండి ఆయనకు పని నేర్పిన గురువుది. గురువు పోయాక గురువమ్మగారు దాన్ని అప్పగిస్తూ, "ఇది మళ్లీ రోడ్డెక్కితే ఒక్కసారి మా వీధిలోంచి పోనివ్వు నాయనా. ఆ చప్పుడు విని చాలా కాలమైంది" అంది. ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది. తుప్పు గీకాడు. చక్రాల చువ్వలు ఒక్కొక్కటే సరిచేశాడు. ఇంజను విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు.

ఆ పనితో అలసిన పూట ఇంకో పిచ్చి ఉండేది. పాతసామాన్ల కొట్టులో ఏరుకొచ్చిన బోర్డులతో పాతకాలపు కంప్యూటర్లు కట్టడం. టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప మరేమీ వచ్చేవి కావు.

"దీంతో ఏం చేస్తారండీ?"

"కూడికలు."

"వేళ్లున్నాయిగా!"

ఒక కంప్యూటర్ ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టింది. స్విచ్చు వెయ్యగానే అది కుయ్‌మనాలి. అనడం లేదని స్పీకరు మార్చాడు. టంకం ఊడదీసి మళ్లీ వేశాడు. తీగలన్నీ కొత్తవి వేశాడు. పక్క గదిలో ఇరుగుపొరుగు వాళ్ల బట్టలు కుడుతున్న భార్య ఓపిక పట్టి పట్టి, చివరికి లేచి వచ్చింది.

"ఏమండీ, అది పొద్దుట్నుంచీ కుయ్యో మొర్రో అంటూనే ఉంది. ఇంకా ఎంత ఏడిపిస్తారు దాన్ని?"

ఆయన ఆవిడ మొహంలోకి చూస్తూ మళ్లీ స్విచ్చు వేశాడు. "ఇప్పుడు?"

"అందిగా!"

టంకం కడ్డీ పక్కన పెట్టేశాడు. లోపం తీగలో లేదు.

సన్నని చప్పుళ్లు ఇక వినిపించవని డాక్టరు చెప్పాడు. చెవికి పెట్టుకోమని ఒక మిషను ఇచ్చాడు. దాంతో మాటలు తెలిసేవి కానీ, ఇంజను దగ్గర అంతా ఒకటే హోరు. బండికి మిగిలిన పనల్లా చప్పుడు వింటూ, పెట్రోలూ గాలీ సరిపాళ్లలో అందేలా కార్బొరేటర్ మరను బిగిస్తూ వదులుతూ సరిచేయడమే. అది చెవి చేసే పని. ఆయన బండి మీద దుప్పటి కప్పేశాడు.

"వేరే మెకానిక్కుని చూసుకోమని గురువమ్మగారికి చెప్పేస్తాను. నా వల్ల కాదు."

చెవులిచ్చిన భగవంతుడే తీసుకున్నాడు, అడగడానికి మనమెవరం అనుకుంది భార్య. కానీ పొద్దున్నే ఆయన ఆ గది గుమ్మం దాటకుండా టీ పెట్టడం చూస్తూ ఊరుకోలేకపోయింది. ఓ సాయంత్రం వెళ్లి ఆ దుప్పటి లాగేసింది.

"ఓసారి తన్నండి వాణ్ణి."

"ఎవరు వినడానికి?"

"ఇన్నేళ్లు మిషను తొక్కినదాన్ని, నాకు చెవుల్లేవా?"

ఆయన నాలుగైదు తన్నులు తన్నాక ఇంజను అందుకుంది. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి విని, ఆయన చెవి దగ్గరకొచ్చి గట్టిగా చెప్పింది. "మూడు కుట్లు బాగానే పడుతున్నాయండీ. నాలుగోది దాటేస్తోంది."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తాను వినాల్సిందీ అదే. మరను వెంట్రుకవాసి తిప్పాడు.

"ఇప్పుడో?"

"దారం మరీ బిగిసింది, తెగేలా ఉంది. కాస్త వదలండి."

వదిలాడు. ఆవిడ తలూపింది. ఆయన ఇంజను ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నిలబెట్టి వింటే చాలదే. ఎత్తెక్కేటప్పుడు ఎలా పలుకుతాడో తెలియాలి. గురువమ్మగారి వీధికి పోయేముందు నాకో సాయం చేసిపెట్టు. రేపు నా వెనక కూర్చో. కుట్టు దాటినప్పుడల్లా నా భుజం మీద ఓ చిన్న దెబ్బ వెయ్యి. గాలిలో నీ మాట నాకు అందదు, అరిచావంటే వీధంతా మనిద్దరం పోట్లాడుకుంటున్నామనుకుంటారు."